ఏ ఎండకా గొడుగు

ఇలిగాన్ రేవు వెనక సందులో
నోంగ్ తెబాన్ తాకట్టు కొట్టు.
ఎవరూ విడిపించుకోని కుట్టుమిషన్లు, గడియారాలు, ఒక ట్రాంబోను,
పైన దండేనికి బట్టల్లా
ఏడు ఎలక్ట్రిక్ గిటార్లు.

ఫ్లోర్దెలిసా పర్సులో తొమ్మిదివేల పెసోలు.
అందులో రెండువేలు నావి.
డ్రమ్ములు కొట్టేవాడికి గిటారు గురించి ఏం తెలుసని
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"ఐదు గంటలు నిలబడి వాయించాలి," అంది కొట్టాయనతో.
"ఏడింటికి పెద్దవాళ్ళు చెయ్యీచెయ్యీ పట్టుకుని ఆడే బొలెరోలు,
తొమ్మిదింటికి కౌబాయ్ పాటలు,
పదకొండు దాటితే ఓడ కుర్రాళ్ళు గొంతు చించుకునే రాక్.
ఆఖర్న ఎవడో ఒకడు
అమ్మ గుర్తొచ్చిందని ఏడుపు పాట అడుగుతాడు.
అన్నిటికీ ఒక్కటే కావాలి.
రెండోదానికి జీప్నీలో చోటు లేదు."

నల్లదాన్ని దింపాడు ముందు.
ఒక్క తీగ మీటగానే గాజు బీరువా తలుపులు వణికాయి.
నాకైతే అక్కడే బేరం తెగిపోయింది.
ఆమె బెల్టు తగిలించుకుని నిలబడింది.
అలా నిలబడే ఉంది.
కొట్టాయన నాతో వానల గురించీ, వాళ్ళల్లుడి గురించీ మాట్లాడాడు.
పావుగంటకి ఎడమ భుజం రుద్దుకుంటూ తిరిగి ఇచ్చేసింది.
"పెద్ద గొంతే. గుసగుస రాదు దీనికి."

తర్వాతది ఎర్రది. తళతళా మెరుస్తూ,
తీగల మొదట్లో ఊగే కడ్డీతో.
కడ్డీ ఒకసారి నొక్కి వదిలితే
ఆరు తీగలూ ఆరు దార్లు.
పైదాన్ని బిగిస్తే కిందిది జారింది,
కిందిదాన్ని లాగితే మధ్యవి అలిగాయి.
కొండనాలుకకు మందు.

ఫ్యాను వెనక వేలాడేదాన్ని ఆమే చూపించింది.
పాచిరంగు. అంచులు పెచ్చులూడి.
వీపు మీద మేకుతో గీకిన పేరు: బోయెట్.
వైరు పెట్టకుండానే
దాని కొమ్ముకి చెవి ఆనించి మెల్లిగా మీటింది.
"కరెంటు గిటారమ్మా అది," నవ్వాడు నోంగ్ తెబాన్.
ఆగమన్నట్టు చెయ్యెత్తింది.
వంకాయ కొనేవాళ్ళు
నిగనిగ వదిలేసి తొడిమ చూస్తారే, అలా.

అప్పుడు వైరు. ధ్వని సగానికి తగ్గించింది,
గొంతు చిన్నదైంది గానీ ముక్కు మూసుకోలేదు.
మీట ఐదు మెట్లూ టక్కుటక్కున ఎక్కించి దించింది.
"ఆ ట్యూబ్‌లైటు వెయ్యండి," అంది పట్టపగలు.
వెయ్యగానే స్పీకర్లోంచి కందిరీగ.
మీట రెండో మెట్టుకి జరిపింది. కందిరీగ లేదు.
వైరు మొదలు కదిపితే గరగర.
"నలభై పెసోల పని," అంది
నాకు మాత్రమే వినపడేట్టు.
కొట్టాయనతో మాత్రం మొహం ముడిచి
ఎనిమిదిన్నర వేల నుంచి ఆరువేల ఎనిమిదివందలకి లాక్కొచ్చింది.

ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళంటే నాకు పడదు.
మా మేనేజరు ఫెలిసిసిమో అచ్చం అంతే.
కానీ ఆ పాచిరంగుదాన్ని ఒళ్ళో పెట్టుకుని
జీప్నీ కుదుపులకి కాపాడుతూ అనుకున్నాను:
ఎండ ఎవరిదో గానీ
మోసే చెయ్యి మాత్రం మాదే కదా.

మొన్న శనివారం బొలెరో మధ్యలో కరెంటు పోయింది.
పాటగాడు ఆగాడు. నేను పుల్లలు దించాను.
ఆమె ఆపలేదు.
చీకట్లో దోమ రెక్కంత చప్పుడు,
ముందు బల్ల దాటి పోనంత.
ఆ ముందు బల్ల ముసలి జంట
చెప్పులు నేలకి రాస్తూ ఆడుతూనే ఉన్నారు.
జనరేటరు అందుకునేసరికి నాలుగు నిమిషాలు.

మిగిలిన డబ్బు
తీగలకి, గరగర బాగుచెయ్యడానికి,
ఇద్దరికీ చేపల పులుసుకి సరిపోయింది.
నా రెండువేలు ఇంకా రాలేదు.
అడగాలి.